స్టీలు బండికి క్లీనరు కావలెను

లారీ అన్నాక ఒక డ్రైవరు ఉంటాడు, ఒక క్లీనరు ఉంటాడు. అద్దం తుడవడం, రాడ్డుతో టైరును కొట్టి గాలి చూడటం, బండి వెనక్కి వస్తున్నప్పుడు దిగి తొట్టిని అరచేత్తో చరుస్తూ ‘రానీ, రానీ’ అనడం క్లీనరు విధులు. విజయవాడ ఆటోనగరులో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. అమెరికావారు ఈ వ్యవస్థను సంస్కరించారు. అక్కడ యజమానే డ్రైవరు, యజమానే క్లీనరు. ఆ కొలువు కోసం ఎదురు జీతం కూడా ఆయనే చెల్లించుకుంటాడు.

సంస్కరణ పేరు సైబర్ ట్రక్, కరెంటుతో నడిచే తొట్టి బండి. విద్యుత్ కార్లు తయారుచేసే టెస్లా సంస్థ దీన్ని 2019 నవంబరులో లాస్ ఏంజెలిస్ దగ్గర వేదికెక్కించింది. అద్దం ఎంత గట్టిదో చూపించడానికి డిజైనరు గారు ఒక ఉక్కు గుండు విసిరారు. అద్దం పగిలింది. వెనక కిటికీ మీద మళ్లీ విసిరారు. అదీ పగిలింది. ఒక ప్రయోగం ఫలితాన్ని వెంటనే రెండోసారి సరిచూసుకునే ఓపిక ఎందరికి ఉంటుంది? నాలుగేళ్ల తర్వాత, 2023 నవంబరు 30న, మొదటి బండ్లను కొనుగోలుదారులకు అప్పగించే సభలో అదే డిజైనరు ఈసారి బేస్‌బాల్ విసిరారు. అద్దం చెక్కుచెదరలేదు. ఉక్కు గుండును బంతిగా మార్చడం కూడా ఇంజినీరింగేనని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఈ మధ్యలో ప్రారంభ ధర 39,900 డాలర్ల నుంచి 60,990 డాలర్లకు ఎక్కింది. ఒక్క చార్జింగుతో 500 మైళ్లకు పైగా పోతుందన్నది 340 మైళ్లకు దిగింది. పెళ్లిచూపుల్లో చెప్పిన జీతం వేరు, కాపురానికి వెళ్లాక తెలిసే జీతం వేరు. మనకు అలవాటైన సంగతే కనుక వదిలేద్దాం.

వదలలేనిది స్టీలు సంగతి. బండి పైతొడుగంతా రంగు వేయని స్టెయిన్‌లెస్ స్టీలు. ప్రపంచానికి ఇది వింత కావచ్చు గానీ, తెలుగింట పుట్టినవాడికి స్టీలు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అందుకే ఫోనులో దాని ఫొటో మా అమ్మకు చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“సొట్టలు తీయించలేదా?”

“అది ఆకారమేనమ్మా.”

“కిలో ఎంత పడింది?”

స్టీలు సామాను తూకానికి కొనేవారు అడగవలసిన ప్రశ్నే. ఇన్ని వందల సమీక్షలు రాసినవాళ్లలో ఒక్కరికీ ఇది తట్టినట్టు లేదు. కాగితం తీసుకుని లెక్క వేశాను. రెండు మోటార్ల బండి బరువు సుమారు 3,000 కిలోలు, విడుదలనాటి ధర 79,990 డాలర్లు. అప్పటి మారకంలో 66 లక్షల రూపాయల పైమాట. కిలోకి సుమారు 2,200 రూపాయలు. “మూతతో కలిపేనా?” అంది అమ్మ.

ఆ బండితో వచ్చే పుస్తకంలో ఒక హితబోధ ఉంది. జిడ్డు, నూనె, పక్షి రెట్టలు, చెట్ల జిగురు, చచ్చిన పురుగులు, తారు చుక్కలు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, వీటిలో ఏది అంటినా వెంటనే తుడిచేయాలట, లేకపోతే పైతొడుగు పాడవుతుందట. ఇది చదివి వినిపించినప్పుడు అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆవకాయను స్టీలు గిన్నెలో ఉంచితే ఉప్పుకూ పులుపుకూ చుక్కలు పడతాయని, అందుకే జాడీలున్నాయని గుర్తుచేసింది. నిజమే, కానీ జాడీలో కూర్చుని ఆఫీసుకు వెళ్లే పద్ధతి ఇంకా రాలేదు. ప్రస్తుతానికి పక్షులే కాస్త సంయమనం పాటించాలి.

తోమడానికి సబ్బు వాడవచ్చునా అన్నది సున్నితమైన ప్రశ్న. 2024 ఏప్రిల్‌లో 3,878 బండ్లను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. యాక్సిలరేటర్ పెడల్‌కు తొడిగిన రేకు జారి, పెడల్ నొక్కినది నొక్కినట్టే ఇరుక్కుపోయే ప్రమాదం ఉందని తేలింది. కారణం ఏమిటంటే, బిగించేటప్పుడు సులువుగా దూరాలని కర్మాగారంలో ఎవరి అనుమతీ లేకుండా సబ్బు రాశారు. బిగుసుకున్న గాజులు తొడిగించుకోవడానికి మన ఆడవాళ్లు పాటించే పద్ధతే ఇది. అయితే గాజు ఎక్కాక వాళ్లు చెయ్యి కడుక్కుంటారు. అమెరికాలో ఆ చివరి అంకం మరిచారు. చివరకు ఒక రివెట్టు కొట్టి పని పూర్తి చేశారు.

2025 మార్చిలో మరో 46,096 బండ్లను పిలిచారు. ఈసారి, ముందు అద్దం పక్క నుంచి పైకప్పు వెంబడి పోయే స్టీలు పట్టీ నడిరోడ్డు మీద ఊడిపడే అవకాశం ఉందన్నారు. దాన్ని జిగురుతో అంటించారు. ఎండావానలకు జిగురు పెళుసెక్కింది. పరిష్కారం? వేరే జిగురు, దాంతోపాటు స్టడ్డు వెల్డింగు చేసి ఒక నట్టు. ఆ వార్త చదివాక ఆటోనగరులో బాడీ కట్టే మేస్త్రీల మీద నాకు జాలి కలిగింది. చెక్కకూ ఇనుముకూ బోల్టులు బిగిస్తూ, రివెట్లు కొడుతూ, ఇన్నేళ్లుగా తాము భవిష్యత్తులో బతుకుతున్నామని పాపం వాళ్లకు తెలియదు.

ఈ బండి కాసేపు పడవలా కూడా పనికొస్తుందని, నదులు, చెరువులు, మరీ అలలు లేని సముద్రాలు దాటగలదని టెస్లా సీఈఓ ఎలాన్ మస్క్ 2022లో సెలవిచ్చారు. గోదావరి మీద పంటు నడిపేవారు ఉపాధి గురించి అప్పుడే బెంగపెట్టుకోనక్కరలేదు.

మనమేదో వెనకబడ్డామని ఎవరూ అనుకోవద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త లారీలు చాలావరకు డీజిలుతోపాటు యూరియా ద్రావణం కూడా తాగుతాయి. పొగలోని విషం తగ్గించడానికే, మంచిపనే. ఆ నీళ్లు అయిపోతే ఇంజిను అలిగి శక్తి తగ్గించుకుంటుంది. రైతు మాత్రం యూరియా దొరకకపోతే వరుసలో తన చెప్పులు వదిలి, చెట్టు నీడన కూర్చుంటాడు. అలగడానికి అతడిలో సెన్సరు లేదు. ఇక 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. ఈ వ్యాసంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే యంత్రం అదొక్కటే. వ్యంగ్యం వెతక్కండి.

నా ఇంటి క్లీనరు ఉద్యోగం గురించీ ఒక మాట. పడకగదిలో పాత ఫ్యాను తీసేసి, ఫోనుతో నడిచేది బిగించాను. గోడ మీద రెగ్యులేటరు అనాగరికమని పీకించేశాను. మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఫ్యాను రాలేదు. నన్ను గుర్తుపట్టడం లేదని, మళ్లీ లాగిన్ అవ్వమని చెప్పింది. ఓటీపీ కోసం సిగ్నలు వెతుక్కుంటూ, చొక్కా లేకుండా, రాత్రి రెండు గంటలకు మేడ మెట్ల మీద నిలబడ్డాను. వరండాలో అమ్మ మంచం మీద నిద్రపోతోంది. చేతిలో విసనకర్ర నిద్రలోనే అటూ ఇటూ కదులుతోంది.

సైబర్ ట్రక్ ఫొటోను అమ్మ ఆ రోజు ఇంకా వదల్లేదు. వేళ్లతో పెద్దది చేసి, తలుపుల మీద, వెనక తొట్టి మీద దేనికోసమో వెతికింది.

“పేరు ఎక్కడ చెక్కించారురా?”

“పేరు చెక్కరమ్మా.”

“చెక్కకపోతే పెళ్లిళ్లలో మారిపోదూ?” అంటూ ఫోను తిరిగి ఇవ్వబోయి, తెర మీద పడిన తన వేలిముద్రలు చూసి ఆగింది. కొంగు చివరతో అద్దాన్ని శ్రద్ధగా తుడిచి, వెలుతురులో పెట్టి మరక పోయిందో లేదో చూసుకుని, అప్పుడు నా చేతిలో పెట్టింది.