డ్రాఫ్టు మూడు నెలలే చెల్లుతుంది

2025 ఏప్రిల్, ఒక శనివారం మధ్యాహ్నం. హాల్లో రెండు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. ఆరు నెలలు అమెరికాలో, ఎడిసన్‌లో మా ఇంట్లో ఉండి, బుధవారం అత్తయ్య, మామయ్య తెనాలి ప్రయాణం. మా వాడు కింద బేస్‌మెంట్‌లో టీవీకి అతుక్కుపోయి ఉన్నాడు. నేను వంటింట్లో పప్పుకి పోపు పెడుతూ విన్న సంభాషణ ఇది. పోపు మాడింది. అది వేరే కథ.

మామయ్య: ఇరవై మూడు కిలోల మూడు వందల గ్రాములు. మూడు వందలు ఎక్కువ. ఏం కూరావే ఇందులో?

అత్తయ్య: మీ మోకాళ్ళ పట్టీలు, మీ మాత్రలు, మీ చెల్లెలికి మీరు కొన్న చాక్లెట్లు. నావి రెండు చీరలు.

మామయ్య: సరేలే. ముందు ఆ డ్రాఫ్టు సంగతి తేల్చు. బుధవారం విమానం ఎక్కితే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు.

అత్తయ్య: ఏ డ్రాఫ్టు?

మామయ్య: నాకు తెలియదనుకోకు. మొన్న గురువారం రాత్రి వీడు ఫోనులో ఎవడితోనో ఒకటే గొడవ. రెండో నంబరు డ్రాఫ్టు బార్క్లీ మీద తగలేశారట, దానికి వాల్యూ లేదట. పదిహేనేళ్ళ వెధవకి లండన్ బార్క్లేస్ బ్యాంకుతో లావాదేవీలేమిటే? రెండు రోజుల నుంచి కౌంటర్‌ఫాయిల్ కోసం వాడి సొరుగులన్నీ గాలిస్తున్నాను. ఒంటి సాక్సు దొరికింది.

అత్తయ్య: అయ్యో రాత! బార్క్లేస్ కాదండీ, బార్క్లీ. సాక్వాన్ బార్క్లీ. మనిషి.

మామయ్య: ఓహో, పేయీ అన్నమాట. క్రాసింగ్ చేశారా?

అత్తయ్య: ఆ మనిషినే డ్రాఫ్టు తీశారు.

మామయ్య: మనిషిని డ్రాఫ్టు తియ్యడమేమిటే!

అత్తయ్య: పెళ్ళిచూపులనుకోండి. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముప్పై రెండు జట్లు. పోయినేడాది ఎవరు ఎక్కువ ఓడిపోతే వాళ్ళకి ముందు ఎంచుకునే వంతు. ఆ వంతుకే నంబరు. అలా ఏడు రౌండ్లు. ఈ ఏటిది గురువారం మొదలైంది, ఇవాళ్టితో ఆఖరు. కాలేజీ పిల్లల్ని తీసుకుంటారు.

మామయ్య: ఓడినవాడికి ముందా? ఎగ్గొట్టినవాడికి ఇంకో లోను ఇచ్చినట్టుంది. ఇంతకీ ఈ బార్క్లీని ఎప్పుడు తీశారు?

అత్తయ్య: 2018లో. మన న్యూయార్క్ జెయింట్స్ వాళ్ళు.

మామయ్య: 2018! డ్రాఫ్టు మూడు నెలలే చెల్లుతుందే! పూర్వం ఆరు నెలలుండేది, 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు మూడుకి తగ్గించింది. వీళ్ళు ఏళ్ళ తరబడి జేబులో పెట్టుకు తిరిగితే వాల్యూ ఎక్కడుంటుంది? రీవాలిడేట్ చేయించుకోవాలి.

అత్తయ్య: చేయించారు. 2020లో మోకాలు పోతే ఆపరేషన్ అయి మళ్ళీ ఆడాడు. 2024లో వీళ్ళు వదులుకున్నారు, పక్కనున్న ఫిలడెల్ఫియా ఈగల్స్ వాళ్ళు ఎగరేసుకుపోయారు. మూడేళ్ళకి మూడు కోట్ల డెబ్బై ఏడున్నర లక్షల డాలర్లు.

మామయ్య: ఎండార్స్ చేసి ఇచ్చేశారన్నమాట. ఇంకేముంది, డబ్బు పోయినట్టే.

(నేను అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. కానీ ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసిన మనిషికి డ్రాఫ్టంటే ఏమిటో చెప్పే ధైర్యం ఈ ఇంట్లో అత్తయ్యకి ఒక్కదానికే ఉంది.)

మామయ్య: అతని ఉద్యోగం ఏమిటి?

అత్తయ్య: రన్నింగ్ బ్యాక్. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం.

మామయ్య: వెనక్కా?

అత్తయ్య: ముందుకే. వరసకి వెనకాల నిలబడతాడు గనక ఆ పేరు. అయినా వెనక్కి కూడా దూకాడు. మనం వచ్చిన మూడో రోజు, నవంబరు 3న, జాక్సన్‌విల్ మీద ఆట. అడ్డొచ్చినవాడికి వీపు తిప్పి, వాడి మీదనుంచి అమాంతం వెనక్కి ఎగిరి అవతల పడ్డాడు.

మామయ్య: నిద్రమత్తులో చూసుంటావు.

అత్తయ్య: నిద్రపోయింది మీరు. ఆ గురకకి కామెంటరీ కూడా వినపడలేదు.

మామయ్య: సరే. మరి సొరుగులో ఈ కాగితం దొరికింది, ఇదేమిటి? 3, 196, 251... డ్రాఫ్టు నంబర్లేగా?

అత్తయ్య: ఏదీ, ఇటివ్వండి. వాడి లెక్కలు. 2012లో ట్రెంట్ రిచర్డ్‌సన్, మూడో నంబరు. మర్నాటి ఏడాదే వేరే జట్టుకి ఇచ్చేశారు. టెరెల్ డేవిస్, 1995, ఆరో రౌండు, 196. వాడేమో 1998లో 2,008 గజాలు పరిగెత్తాడు. 2013లో, 2014లో, పోయినేడాది మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్‌నీ తీసుకోలేదట. మొన్న మాత్రం లాస్ వేగస్ వాళ్ళు ఆష్టన్ జెంటీ అనే కుర్రాణ్ణి ఆరో నంబరుకే తీసుకున్నారు. రన్నింగ్ బ్యాక్ కోసం ముందు వంతు తగలెయ్యకూడదని ఫోనులో ఆ గొడవంతా.

మామయ్య: వీడు నా మనవడే! కరెక్టుగా చెప్పాడు. పరిగెత్తేవాడంటే కొత్త స్కూటరు. షోరూం గుమ్మం దాటిన దగ్గర్నుంచీ తరుగుదలే. రోజుకి ఇరవై మంది మీద పడి కుమ్మితే ఏ మోకాళ్ళు నాలుగేళ్ళు ఆగుతాయి? అలాంటి ఆస్తి మీద రెండో నంబరు తగలేస్తారా? ఆరో రౌండులో చవగ్గా దొరుకుతుంటే!

అత్తయ్య: మోకాళ్ళు పోయినవాళ్ళకి వాల్యూ లేదని మీరు అంటున్నారా? మీరు?

మామయ్య: నా మోకాళ్ళ సంగతి ఎందుకిప్పుడు?

అత్తయ్య: తప్పు బార్క్లీది కాదు, తీసుకెళ్ళిన ఇంటిది. ముందు వరసలో అడ్డుకుని దారి చేసే లావుపాటి పిల్లలుండాలి. జెయింట్స్ ఇంట్లో ఆ వరస తడికె. ఈగల్స్ ఇంట్లో ప్రహరీగోడ. అదే మనిషి, ఇల్లు మారాడు, ఒక్క సీజన్లో 2,005 గజాలు! కోడలు ఎంత మంచిదైనా పొయ్యి వెలగకపోతే వంటెలా అవుతుంది?

(ఇది అంటూ వంటింటి వైపు చూసిందో లేదో నాకు కనపడలేదు. అప్పటికి పోపు మాడిన వాసన హాల్లోకి వెళ్ళింది.)

మామయ్య: అదేగా నేను చెప్పేది! ఆ రెండో నంబరుతో ముందు గోడ కట్టుకోవాల్సింది!

అత్తయ్య ఒక్క క్షణం ఆగింది. ఆరు నెలల్లో మామయ్యకి పాయింటు దొరకడం అదే మొదటిసారి. చాక్లెట్ల సంచీ సూట్‌కేసులో అటునుంచి ఇటు మార్చింది.

అత్తయ్య: ఇంకో నూటొక్క గజాలు పరిగెత్తుంటే 1984 నాటి ఎరిక్ డికర్సన్ సీజన్ రికార్డు పోయేది. నూటపదహార్లు కూడా కాదు! ఆఖరి ఆట ఎవరి మీద? జెయింట్స్ మీదే. ఉప్పు తిన్న ఇంటి మీద రికార్డు ఎందుకని కూర్చున్నాడు.

మామయ్య: కూర్చోలేదు, కోచ్ కూర్చోబెట్టాడు. వీడు చెప్పాడు నాకు.

అత్తయ్య: మరి సూపర్ బౌల్, ఆ ఫైనల్? ఫిబ్రవరి 9. సరిగ్గా బార్క్లీ పుట్టినరోజు, ఇరవై ఎనిమిది నిండాయి. కాన్సాస్ సిటీని 40-22తో ఓడించారు.

మామయ్య: ఆగాగు. ఆ రోజు పరమాన్నం అందుకా? నా పుట్టినరోజుకి ఉప్మా చేశావు!

అత్తయ్య: మీరు ఏం గెలిచారు?

మామయ్య: (త్రాసు కిందపెట్టి) ఇంతకీ ఆ కాగితంలో 251 ఎవరు?

అత్తయ్య: ఐజయా పచేకో. ఇక్కడే, మన పక్కనున్న రట్గర్స్‌లో చదివాడు. ఏడో రౌండులో కాన్సాస్ సిటీ వాళ్ళు తీసుకున్నారు. రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. మీలాగే.

మామయ్య: నాలాగా?

అత్తయ్య: మా నాన్న చూసిన సంబంధాల్లో మీది ఏడోది. ముందు ఆరూ జాతకాలు కుదరక పోయాయి.

మామయ్య: చూశావా! మంచి సరుకు ఎప్పుడూ చివరి రౌండులోనే దొరుకుతుంది. నీ నోటితోనే వచ్చింది.

అత్తయ్య: చవగ్గా దొరికారన్నాను. బాగా ఆడారని అనలేదు.

ఇంతలో మామయ్య చాక్లెట్ల కింద చెయ్యి పెట్టి ఒక నీలం చొక్కా బయటికి లాగారు. వెనకాల 26 నంబరు, మీద బార్క్లీ అని తెల్లటి అక్షరాలు.

మామయ్య: ఇదిగో దొంగ! మూడు వందల గ్రాములు ఇదే. జెయింట్స్ చొక్కా కదూ? వాడు వెళ్ళి ఏడాది దాటింది. గడువు తీరిన డ్రాఫ్టు డబ్బులు పెట్టి కొంటావటే?

అత్తయ్య: వెళ్ళిపోయినవాడిదని పది డాలర్లకే ఇచ్చేశారు.

మామయ్య: ఎవరికి?

అత్తయ్య: మీ తమ్ముడికి.

మామయ్య: వాడికి ఇంత సైజెందుకు? వాడు పుల్లలా ఉంటాడు.

అత్తయ్య: మీకే లెండి. పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరగమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా మంచం దిగరు. మోకాలు కోయించుకున్నవాడు మళ్ళీ పరిగెత్తాడుగా. వేసుకుంటే గుర్తుంటుందని.

మామయ్య చొక్కాని అటూ ఇటూ తిప్పి చూశారు. నోటు అసలుదో నకిలీదో చూసినట్టు వెలుతురుకి పెట్టి కూడా చూశారు.

మామయ్య: తీసెయ్. బరువు.

అత్తయ్య: తియ్యను. మీ చెల్లెలి చాక్లెట్లు తీస్తాను.

సరిగ్గా అప్పుడు కిందనుంచి మావాడి కేక. ‘తాతయ్యా! జెయింట్స్ రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నారు! కామ్ స్కాటెబో! నాలుగో రౌండు, 105!’

మామయ్య: నాలుగో రౌండా? ఇప్పటికి బుద్ధొచ్చింది. పెట్టుబడి అంటే అదీ.

అత్తయ్య: పాపం, ఆ గోడ లేని ఇంటికేనా వాణ్ణి తీసుకెళ్ళడం!

మావాడు మెట్లెక్కి వచ్చేసరికి సూట్‌కేసు కొక్కేనికి వేలాడుతోంది. సరిగ్గా ఇరవై మూడు. తాతయ్య లాల్చీ మీద బార్క్లీ చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నారు. ఒంటి మీద ఉన్నది లెక్కలోకి రాదుగా.

వాడు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

మామయ్య: ఏరా, ఈ 105 ఎన్నాళ్ళు చెల్లుతుంది?

‘కాంట్రాక్టా? నాలుగేళ్ళు, తాతయ్యా.’

మామయ్య: నాలుగేళ్ళే! మూడు నెలల కంటే నయం. ఈసారన్నా కౌంటర్‌ఫాయిల్ జాగ్రత్తగా పెట్టమను.