మూడు నిమిషాల గడియారానికి ఒక విన్నపం

మహారాజశ్రీ సిటీ కౌన్సిల్ సభామందిరంలో మైకు పక్కన వేంచేసి, మాట్లాడవచ్చిన ప్రతివారికీ మూడు నిమిషాలు కొలిచి ఇచ్చే గడియారం గారి సముఖానికి, కాలిఫోర్నియాలో ఇల్లూ ఓటూ ఉన్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాసుకునే విన్నపము. ఉభయకుశలోపరి.

మీకు నేను జ్ఞాపకం ఉండకపోవచ్చు గాని, మీరు నా నోరు మూయించిన రాత్రి నాకు బాగా జ్ఞాపకం. మా పేటలో మూతపడిన కిరాణా దుకాణం స్థలంలో నాలుగంతస్తుల అపార్టుమెంట్లు కట్టుకోవడానికి వీలుగా జోనింగ్‌ను, అంటే ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పే నియమాన్ని, మార్చే ఆర్డినెన్సు (నగర శాసనం) ఆ మంగళవారం చర్చకు వచ్చింది. మాట్లాడే వంతు కోసం చీటీ నింపి, పేరు పిలిచేదాకా రెండున్నర గంటలు కూర్చుని, మైకు ముందుకు వచ్చి, తెలుగు సభల అలవాటు కొద్దీ వేదికనలంకరించిన మేయరు గారికీ వైస్ మేయరు గారికీ తక్కిన సభ్యులకూ పేరుపేరునా వందనాలు చెప్పి, నా ఇంటిపేరును క్లర్కు గారికి అక్షరం అక్షరంగా విడదీసి వినిపించేసరికి మీ పచ్చదీపం పోయి పసుపుదీపం వచ్చింది. పెళ్లిపీటల మీద సంకల్పం పూర్తి కాకముందే అప్పగింతలు మొదలైనట్టయింది నా పరిస్థితి.

కృష్ణా జిల్లాలో మా తాతగారి కాలంలో ఒక గట్టు తగవు తేలడానికి రచ్చబండ మీద మూడు చుట్టలు కాలేవట. ఒకటి వాది మాట వినడానికి, ఒకటి ప్రతివాది మాట వినడానికి, మూడవది ఇద్దరినీ కూర్చోబెట్టి నువ్వొక జానెడు జరుగు, నువ్వొక జానెడు జరుగు అని ఒప్పించడానికి. (ఆ రచ్చబండ మీద ఆడవాళ్లకూ ఊరి చివరి పేట వాళ్లకూ మాట్లాడే వంతే ఉండేది కాదు కనుక దానిని నేను నెత్తిన పెట్టుకోను. ఎవరు వచ్చినా అదే మూడు నిమిషాలు కొలిచి ఇచ్చే మీ సుగుణాన్ని ఒప్పుకోక తప్పదు.) నా మనవి ఆ మూడవ చుట్ట గురించి మాత్రమే.

మీ సమదృష్టికి కొన్ని మినహాయింపులు ఉన్నాయని గమనించాను. నగరం డబ్బిచ్చి పిలిపించిన కన్సల్టెంటు గారు నలభై నిమిషాలపాటు బొమ్మలు చూపినప్పుడు మీరు కళ్లు మూసుకున్నారు. కన్సెంట్ క్యాలెండర్ అనే మూటలో చుట్టిన పదహారు అంశాలు, వాటిలో కొన్ని లక్షల డాలర్ల కాంట్రాక్టులు, ఒకే ఊపిరిలో ఒకే ఓటుతో గట్టెక్కినప్పుడు మీకు వెలగవలసిన అవసరమే కలగలేదు. మాట్లాడేవాళ్లు ఎక్కువైతే మేయరు గారు మిమ్మల్ని రెండు నిమిషాలకు, ఒక్కొక్క రాత్రి ఒక నిమిషానికి కూడా కుదిస్తారు. పంక్తిలో విస్తళ్లు పెరిగేకొద్దీ గరిటె చిన్నదైపోవడమన్నమాట.

చట్టం మాకు చేసిన మేలు మరచిపోలేదు. 1953లో వచ్చిన బ్రౌన్ చట్టం వల్లనే మామూలు సమావేశాల ఎజెండా 72 గంటల ముందు గుమ్మానికి వేలాడుతుంది, కౌన్సిల్ ముందు నిలబడి మాట్లాడే హక్కు మాకు దక్కింది. చాటుగా నిర్ణయాలు జరగకూడదనే సదుద్దేశంతో ఎజెండాలో లేని విషయం మీద సభ్యులు చర్చించకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. ఎజెండాలో ఉన్న విషయానికైనా సభ్యులు మాకు బదులు చెప్పి తీరాలని ఎక్కడా లేదు. అందుచేత మా ఆవేదన ఎంతటిదైనా వేదిక మీది నుంచి వచ్చే సమాధానం ఒక్కటే: ధన్యవాదాలు, తరువాతి వక్త.

మీ ఎర్రదీపానికి తట్టుకోలేని వాళ్లకు కాలిఫోర్నియా మరొక దారి కూడా తెరిచి ఉంచింది. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఈ రాష్ట్రాన్ని జేబులో వేసుకుందని జనం మండిపడుతున్న కాలంలో, గవర్నర్ హైరమ్ జాన్సన్ పూనికతో 1911 అక్టోబరు 10న ఓటర్లు జనమే శాసనం ప్రతిపాదించే ఇనిషియేటివ్, చేసిన శాసనాన్ని జనం ఓటుకు లాగే రెఫరెండం, ఎన్నుకున్నవాళ్లను గద్దె దింపే రీకాల్ అనే మూడు ఆయుధాలను రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చుకున్నారు. ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చినదీ ఆ రోజే. ఆ లెక్కన కౌన్సిల్ ఆమోదించిన ఆర్డినెన్సు మాకు నచ్చకపోతే, రెఫరెండం దారిన 30 రోజుల లోపల నమోదైన ఓటర్లలో పదోవంతు మంది చేత సంతకాలు పెట్టించి దానిని ఎన్నికకు లాగవచ్చు. ఊళ్లో 40,000 మంది ఓటర్లుంటే 4,000 సంతకాలు కావాలి.

నేనూ ఒక అట్ట పట్టుకుని ఆదివారం పూట ఇండియన్ స్టోరు ముందు నిలబడ్డాను. గోంగూర కట్టలతో బయటికి వచ్చిన వాళ్లలో సగంమంది ఎంతో ఆప్యాయంగా నా గోడు విని, తాము ఇంకా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నామని చెప్పి వెళ్లారు. ఒక పెద్దాయన, సంతకాలు సేకరించేవాడు కిరాయి మనిషో స్వచ్ఛందంగా వచ్చినవాడో అడిగే హక్కు తమకుందని కాగితం మీద అచ్చువేసిన వాక్యాన్ని చదివి, ఎంత ఇస్తున్నారు బాబూ అని నన్నే అడిగారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, మొత్తంలోంచి 500 సంతకాలో నూటికి మూడో, ఏది ఎక్కువైతే అన్ని తీసి సరిచూసే వీలు క్లర్కు గారికి చట్టం ఇచ్చింది. మా మెతుకు ఉడకలేదు. ఇల్లు మారి ఓటు పాత చిరునామాలోనే ఉంచుకున్నవాళ్లు మా పుట్టి ముంచారు.

అయితే ఇనిషియేటివ్ పెడదామన్నారు మావాళ్లు. దానికి 180 రోజుల గడువు ఉంది. సంతకాలు చాలినన్ని వస్తే కౌన్సిల్ దానిని ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించాలి, లేదా ఓటర్ల ముందు పెట్టాలి. ఓటర్లు 75 మాటలకు మించని ప్రశ్న చదివి అవుననో కాదనో చెప్పాలి. గెలిచాక అందులో ఒక పొల్లు తప్పుగా పడిందని తెలిసినా దానిని దిద్దడానికి మళ్లీ ఓటర్ల దగ్గరికే పోవాలి. కూపర్టినోలో వాల్కో మాల్ గురించి 2016 నవంబరులో జరిగినది ఈ ముచ్చటే. నిర్మాణాన్ని అదుపు చేయాలని స్థానికులు తెచ్చిన మెజర్ సి అనే ప్రతిపాదన, 30 ఎకరాల పచ్చిక పైకప్పు చూపించి బిల్డరు దన్నుతో వచ్చిన మెజర్ డి ఒకే బ్యాలట్‌ మీద నిలబడ్డాయి, రెండూ ఓడిపోయాయి. ఇదీ వద్దు, అదీ వద్దు అని చెప్పిన ఓటరును మరి ఏది కావాలని అడిగే గడి ఆ బ్యాలట్‌లో లేదు.

మా ముసాయిదా రాయడానికి ఒకరి ఇంట్లో కూర్చున్నాం. ఇడ్లీలు అయ్యాయి, కాఫీ రెండు మాట్లు అయింది, నాలుగు గంటలు గడిచాయి. అంతసేపూ మౌనంగా ఉన్న ఆ ఇంటి పెద్దావిడ, కింద కిరాణా దుకాణం ఉండనిచ్చి పైన మూడంతస్తులు కట్టుకోమనకూడదా నాయనా, పాలప్యాకెట్టుకు నేను నడిచి వెళ్లగలను అన్నారు. అపార్టుమెంట్లు కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతవరకు ఎవరికీ తట్టని ఆ మాటను ఎక్కడ దాఖలు చేయాలో మాలో ఎవరికీ తెలియలేదు. మైకు ముందు చెబితే ధన్యవాదాలు అంటారు. బ్యాలట్ మీద పెడితే అది అవునూ కాదు, కాదూ కాదు.

ఇంతలో వచ్చే మంగళవారపు ఎజెండా వచ్చింది. మిమ్మల్ని తీసేసి, గోడకు పెద్ద తెరగల కొత్త గడియారం బిగించే కాంట్రాక్టు అందులో ఏడవ అంశంగా, కన్సెంట్ క్యాలెండర్‌లో ఉంది. ఇన్నేళ్లు అందరి మాటలూ కొలిచిన మిమ్మల్ని ఒక్క మాటైనా లేకుండా సాగనంపడం నాకు మనస్కరించలేదు. ఆ అంశాన్ని విడిగా చర్చకు తీయమని చీటీ నింపాను. ఈసారి వందనాలు మానుకున్నాను, ఇంటిపేరు చీటీ మీదనే పెద్ద అక్షరాలతో రాశాను. మీ గురించి ఒక నిమిషం మాట్లాడి, మిగిలిన రెండు నిమిషాలూ పెద్దావిడ పాలప్యాకెట్టు సంగతి చెప్పాలని ఉంది. విషయానికి సంబంధం లేదని క్లర్కు గారు అభ్యంతరం చెబితే చెప్పనివ్వండి. మీరు మాత్రం పసుపుదీపం దగ్గర కాస్త తాత్సారం చేయగలరేమో చూడగోరుతాను.

ఇట్లు
తమ విధేయుడు,
చీటీ నంబరు 14