ఆడియోగ్రామ్ గారికి ఒక విన్నపం

వినికిడి ఎంతుందో గళ్ళ కాగితం మీద గీత గీసి చూపించు మహారాజశ్రీ ఆడియోగ్రామ్ గారి సముఖమునకు, మండపేటలో ధాన్యం మిల్లు గుమాస్తాగా చేసి విరమించినవాడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. తమరి కుశలానికి లోటు లేదు గాని, నా చెవుల విషయంలో ఆ మాటను తమరే కొట్టేశారు. రాజమహేంద్రవరంలో, తలుపు మూస్తే దోమ రొద కూడా చొరబడని గదిలో నన్ను కూర్చోబెట్టి, కూత వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బొంగురు కూత 250 హెర్ట్జ్ నుంచి కీచు కూత 8000 దాకా పెట్టి, కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూలు వేశారు. మా లెక్కల మాస్టారి తరవాత నాకిన్ని సున్నాలు, ఇంటూలు వేసింది తమరే.

ఇదంతా గుబిలి మహిమేనని నాకో ఆశ ఉండేది. చెవి వెనక ఎముకకు చిన్న బిళ్ళ ఆనించి మళ్ళీ కూత పెట్టేసరికి అదీ పోయింది. ఎముక గుండా వచ్చిన శబ్దమూ అంతే మందంగా వినిపించింది కనుక, లోపం చెవి దారిలో లేదని, లోపలి చెవిలోనే ఉందని తేలింది. 4000 దగ్గర తమ గీత గోదావరి గట్టు తెగినట్టు జారిపోవడం చూసి, పరీక్ష చేసినావిడ "చప్పుళ్ళలో పనిచేశారా?" అని అడిగింది. ఊక తీసే మర పక్కనే నా బల్ల ఉండేది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఆ మోతకు పాడైతే మళ్ళీ మొలవవట.

నష్టం కొద్దిపాటిదేనని, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 నుంచి 35 డెసిబెల్స్ లోపుదేనని తమ తీర్పు. అది ఇన్నేళ్ళూ బయటపడకపోవడానికి కారణం తమ గళ్ళలో లేదు. మా వైపు కాలవకు ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీది మనిషితో వియ్యం మాట్లాడుకుంటారు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా, సంక్రాంతి బరుల దగ్గరి డీజే పెట్టెలకు వాటిని చదివి వినిపించినవాడు లేడు. వినిపించినా, వాటికి నాకంటే చెవుడెక్కువ. ఇటువంటి చోట గట్టిగా మాట్లాడేవాళ్ళంతా నాకు శుభ్రంగా వినిపిస్తారు. మెల్లగా మాట్లాడే మా కోడలు, మనవరాలు మాత్రమే వినిపించరు. అచ్చుల మోత చెవిదాకా వస్తుంది గాని స, త, ప వంటి సన్నని హల్లులు దారిలోనే రాలిపోతాయి; కోడలు సీసా అందుకోమంటే పీట అందించింది అందుకే.

మా ఆవిడ తమరిని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "కూరలకు డబ్బులడిగితే వినపడని గీత ఇదేనా? మరి పులస వచ్చిందంటే వినపడే గీత ఏదీ?" అని అడిగింది. తమరు కిక్కురుమనలేదు.

ఏడాది తరవాత మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. ఆసారి తమ గళ్ళ కింద పెద్ద తెలుగు అక్షరాలతో ఒక్క ముక్క అచ్చువేయించవలసిందిగా ప్రార్థన: మిక్సీ తిరుగుతుండగా వంటింట్లోంచి మాట్లాడరాదు, ఎదుటికి వచ్చి "ఏమండీ" అని, ఈయన తలెత్తాక విషయం మొదలుపెట్టాలి, అరవనక్కరలేదు. ఇదే నేను చెబితే మా ఇంట్లో ఎవరికీ వినపడటం లేదు.

చిత్తగించవలెను.