మహారాజశ్రీ మోటారు సైకిలు గారికి

మహారాజశ్రీ మోటారు సైకిలు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. కానీ చెయ్యి రావడం లేదు. దారిలో వేడెక్కి ఆగిపోతున్న మీ ఇంజిన్ కుశలంగా లేదు. మీ సైలెన్సర్ తగిలి నా కుడి పిక్క కూడా కుశలంగా లేదు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మిమ్మల్ని ఉంచుకోవాలా, మార్చాలా అని మా ఇంట్లో కొంతకాలంగా విచారణ నడుస్తోంది. దానికి మిమ్మల్ని ఎవరూ పిలవలేదు. తీర్పు ముందే రాసిపెట్టుకున్న చోట ముద్దాయితో పనేముంది?

ప్రాసిక్యూటరు మా బావమరిది. ఆయన వాదన మొత్తం 2025 సెప్టెంబరు 22 చుట్టూ తిరుగుతుంది. ఆ రోజు నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. "ఇప్పుడు కొనకపోతే నష్టం బావా" అంటాడు. లక్ష ఖర్చు పెట్టి వేలు మిగుల్చుకునే ఈ విద్య ఆయనకు పుట్టుకతో అబ్బింది. పాత బండి ఇస్తే ఎంత తగ్గిస్తారని షోరూంలో అడిగి వచ్చాడు కూడా. ఆ అంకె ఇక్కడ రాయను, మీరు ఇంకా వేడెక్కుతారు.

మా మామగారు మీ పక్షం. ఆయన దగ్గర ఉన్న వైద్యం ఒక్కటే, తడి గోనెసంచి తెచ్చి ఇంజిన్ మీద కప్పడం. కాలుతున్న లోహాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే పగుళ్లు రావచ్చని చెబితే, "మా రోజుల్లో లారీలకే ఇలా చేసేవాళ్లం అల్లుడుగారూ" అంటారు. లారీకి రేడియేటర్ ఉంది, ఫ్యాను ఉంది. మీకున్నవల్లా సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలు, వాటి మధ్య నుంచి పోయే గాలి. మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర గాలి ఎవరికి వీచింది కనుక, మీకు వీచడానికి? పైగా ఆ రెక్కల సందుల్లో పోయిన వానాకాలపు బురద గట్టిపడి కూర్చుంది. దాన్ని గీకి చూద్దామని వాదించుకుంటున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

మీ మీద ఉన్న ప్రధాన అభియోగం, కాసేపు నడిచాక వేడెక్కి ఆగిపోవడం. టీ తాగి వచ్చేసరికి ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతారు. ఇందువల్ల ఇప్పటిదాకా బాగుపడింది బందరు రోడ్డు టీ కొట్లు మాత్రమే. వేడి తగ్గింది కాబట్టే కదిలారని అందరం నమ్మాం. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పెద్దాయన మాత్రం, ఈసారి ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూడమన్నాడు. తీశాను. స్స్ అని గాలి లోపలికి పోయింది. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి వెళ్లాలి. అందుకోసం మూతలో ఉండే రంధ్రం పూడుకుపోయింది. పెట్రోలు చాలక, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలచబడుతోంది. మిశ్రమం పలచబడితే ఇంజిన్ వేడెక్కుతుంది, చివరికి ఆగుతుంది. నేను టీ తాగే సేపట్లో గాలి మెల్లగా ట్యాంకులోకి జొరబడుతోంది. సూదిమొన పట్టే రంధ్రానికి లక్ష రూపాయల శిక్ష!

అక్కడితో కేసు కొట్టేస్తే బాగుండేది. ఆగడం తగ్గింది గానీ వేడి పూర్తిగా తగ్గలేదు. స్పార్క్ ప్లగ్ విప్పితే బిస్కెట్టు రంగులో ఉండాల్సిన మొన తెల్లగా పాలిపోయి ఉంది. మిశ్రమం ఇంకా పలచగానే ఉందన్నమాట. మీరు 2009లో పుట్టారు. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక దానికి తగ్గట్టు ఇంధనం కాస్త ఎక్కువ అందాలి. కొత్త బళ్లలో సెన్సరు కనిపెట్టి సర్దుతుంది. గాలిలో పెట్రోలు కలిపే మీ కార్బురేటర్‌లో ఉన్నది పెట్రోలు వచ్చే ఒక ఇత్తడి జెట్, దాని రంధ్రం ఫ్యాక్టరీలో ఎంత పెట్టారో ఈనాటికీ అంతే. కలిపేముందు మిమ్మల్ని అడగలేదు. ఆ మాటకొస్తే నన్నూ అడగలేదు.

ప్రభుత్వానికి వయసు మీరినవారంటే ఎప్పుడూ ప్రత్యేక శ్రద్ధే. రైళ్లలో వృద్ధుల రాయితీ 2020లో ఆపేశారు. పదిహేనేళ్లు నిండిన ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయల నుంచి 1000కి పెంచారు. విధానంలో పొందిక లేదని ఎవరూ అనలేరు. 2024లో మీకు ఆ పదిహేనేళ్లూ నిండాయి, అయిదేళ్ల పొడిగింపు దొరికింది. తనిఖీలో హారన్ మోగిందా, దీపం వెలిగిందా అని చూశారు. ఇంజిన్ మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. పెట్టి ఉంటే వెంటనే తీసేవారు.

కొత్త బళ్లను పూర్తిగా తీసిపారేయలేను. 2019లో 125 సీసీ వరకు ఉన్న కొత్త బళ్లకు రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటైనా, చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ అయినా తప్పనిసరి చేశారు. మీ బ్రేకు తొక్కితే మీరు ముందు ఆలోచిస్తారు, తర్వాత ఆగుతారు. కానీ వాటి పద్ధతులు వాటికున్నాయి. పట్టపగలు కూడా దీపం ఆరదు. ఎదురొచ్చే పుణ్యాత్ములందరూ లైటు ఆర్పమని చెయ్యి ఆడిస్తూ పోతారు. ఇక 2020లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో కార్బురేటర్ పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. ఏదైనా తేడా వస్తే స్క్రూడ్రైవరు పట్టుకున్న పెద్దాయన చాలడు, స్కానరు ఉన్న కుర్రాడు కావాలి.

ఇప్పుడు మనిద్దరి మధ్యే ఉండాల్సిన మాట. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే వెనక నీలం పొగ వస్తోంది. ఆయిల్ మట్టం తగ్గుతోంది. మీలో పట్టేదే లీటరు. ఇంజిన్ వేడిని మోసుకుపోయేది అదే, మీరు దాన్నే కాల్చుకు తింటున్నారు. అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులైనా అరిగి ఉండాలి, సిలిండర్ లోపలి గోడ, అదే బోరైనా. ఈ సంగతి బావమరిదికి ఇంకా తెలియదు. ఆయన ఎప్పుడూ వెనక సీటే కాబట్టి, పొగ అంతా మన వెనక వచ్చేవాళ్లకే దక్కుతోంది.

మూత రంధ్రం సూదితో శుభ్రం చేశాను. రెక్కల బురద గీకించాను. చక్రాన్ని పట్టేస్తున్న వెనక బ్రేకు వదులు చేయించాను, వాల్వులను కదిలించే ట్యాపెట్లు సరిచేయించాను. జెట్ ఒక సైజు పెద్దది వేయించాను. సోమవారం హెడ్ విప్పుతారు. రింగులతో సరిపోతే సంతోషం. బోరులో గీతలు పడి ఉంటే పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్‌కు బోర్ చేయిస్తాను, అదీ ఒక్కసారే. కనెక్టింగ్ రాడ్ కొట్టుకుంటోందని, అరుగుదల ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ దాకా పోయిందని తేలితే మాత్రం నేనూ బావమరిది పక్షమే. అప్పుడు దయచేసి అలగవద్దు. అలిగితే షోరూం దాకా నేనే తోసుకెళ్లాలి.

ఇట్లు,
ఆర్సీలో మీ నంబరు పక్కన పేరున్న వ్యక్తి