గడ్డికి గుండు కొట్టకండి

పొట్టిగా కోస్తే లాన్ నీటుగా ఉంటుంది, మళ్ళీ పది రోజుల దాకా మొవర్ బయటికి తీయక్కర్లేదు అనుకుంటాం. చలి ప్రాంతాల లాన్లలో పెంచే కెంటకీ బ్లూగ్రాస్ అనే గడ్డికి అంతకంటే కీడు లేదు. మొక్కకి తిండి వండేది ఆకు. అంగుళానికి గొరిగేస్తే వేరుకి అందేదేమీ ఉండదు, అది లోతుకి దిగదు. నేలకి ఎండ తగిలి క్రాబ్‌గ్రాస్ అనే కలుపు లేస్తుంది. మొవర్ 3 అంగుళాల దగ్గర పెట్టండి, నడి ఎండల్లో మూడున్నర. ఒక కోతకి ఆకులో మూడో వంతు మించొద్దు, అంటే నాలుగున్నరకి ఎదిగినప్పుడు మూడుకి కోయాలి. కోసిన తుక్కు అక్కడే వదిలేస్తే నత్రజని తిరిగి నేలకే చేరుతుంది. పచ్చిక బయలైనా ఇంతే: 3 అంగుళాలు మిగిలుండగానే పశువుల్ని పక్క మడికి తోలాలి.

మీది ఈ గడ్డేనా అన్నది ఒక ఆకు తెంపితే తెలుస్తుంది. కొస పడవ ముక్కులా ముడుచుకుని ఉంటుంది, వేలితో అదిమితే రెండుగా చీలుతుంది. నడి ఈనెకి అటూ ఇటూ లేతరంగు గీతలు రైలు పట్టాల్లా కనిపిస్తాయి. మట్టితో పెళ్ళగిస్తే అడ్డంగా పాకే తెల్లటి దుంపకాడలుంటాయి. ఖాళీలు పూడ్చుకునేది వాటితోనే. పేరులో కెంటకీ ఉన్నా దీని పుట్టిల్లు ఐరోపా, ఆసియా. అందుకే చల్లదనం కోరుతుంది.

ఎండలు ముదిరితే గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది. చచ్చిందని తవ్విపారేయకండి, దయచేసి. మొదలు గిల్లి చూడండి, తెల్లగా గట్టిగా ఉంటే ప్రాణముంది. రెండు మూడు వారాలకోసారి అరంగుళం నీళ్ళు చాలు. ఎరువు వద్దు. రోజూ కాస్త చిలకరిస్తే వేరు పైపైకే వస్తుంది. పట్టి లాగితే చాపలా ఊడొచ్చిందా, అది నిద్ర కాదు. కింద ముడుచుకున్న తెల్లటి వేరుపురుగులు వేళ్ళు కొరికేస్తున్నాయి.

ఖాళీల్లో విత్తనం వసంతంలో చల్లితే పసిమొక్కలు ఎండకీ కలుపుకీ బలవుతాయి. ఎండలు తగ్గి, నేలలో వెచ్చదనం ఇంకా ఉన్నప్పుడు చల్లండి. 1000 చదరపు అడుగులకి 2 నుంచి 3 పౌండ్లు. పళ్ళున్న దంతెతో నేల గీకి, పావంగుళం మించకుండా మట్టి కప్పండి. మొలకకి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అన్నాళ్ళూ పైమట్టి ఆరకూడదు. వారానికే మొలిచే రైగ్రాస్ అనే మరో లాన్ గడ్డిని చూసి తొందరపడి అదే ఎక్కువ కలిపితే, అది ముందే లేచి బ్లూగ్రాస్‌ని అణిచేస్తుంది. మిశ్రమంలో రైగ్రాస్ బరువు ఐదో వంతు దాటనివ్వొద్దు.