చీమకి లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?

భూమి తగాదాలో ఒక్కసారైనా తిరిగినవాడికి చీమలకి పేర్లు పెట్టే శాస్త్రం వేరే నేర్పక్కర్లేదు. రూల్ ఒక్కటే, ఎవడి కాగితం పాతదైతే వాడు పెట్టిందే పేరు. దాదాపు జంతువులన్నిటికీ 1758 నాటి లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడి పుస్తకమే మూల సర్వే, అంతకుముందు కాగితం ఎంత పాతదైనా చెల్లదు. తెగని పంచాయితీలకి జంతు నామకరణ అంతర్జాతీయ కమిషన్ అని 1895 నుంచీ ఓ పెద్ద కోర్టు నడుస్తోంది. చీమ జాతులే 14 వేలు దాటాయి కాబట్టి ఇప్పట్లో అక్కడ పని తగ్గదు, చాలా సంతోషం.

అసలు కేసుకొద్దాం. అమెరికాలో ఎర్ర నిప్పుచీమ అని ఒకటుంది, డాలస్‌లో ఉన్న మీ బావగార్నో వదినగార్నో అడగండి, లాన్‌లో చెప్పుల్లేకుండా నిలబడితే ఏమవుతుందో చెప్తారు, కుట్టినచోట మర్నాటికి తెల్లటి చీము పొక్కు లేచి కూర్చుంటుంది. ఇది 1930ల్లో దక్షిణ అమెరికా నుంచి వచ్చి అలబామాలో మొబైల్ రేవులో దిగింది. దిగాక నలభై ఏళ్ళ దాకా వేరే చీమ పేరు మీద కుట్టింది, పచ్చి బినామీ. 1972లో విలియం బురెన్ అనే చీమల శాస్త్రజ్ఞుడు ఇది ఆ చీమ కాదయ్యా అని విడగొట్టి సొలెనాప్సిస్ ఇన్విక్టా అని రిజిస్టర్ చేశాడు, అందరూ హమ్మయ్య అనుకున్నారు.

1995లో బారీ బోల్టన్ అనే ఇంగ్లీషాయన ప్రపంచంలో చీమల పేర్లన్నీ కేటలాగ్ వేస్తూ వేస్తూ ఒక పాత కాగితం బయటికి లాగాడు. 1916లోనే ఫెలిక్స్ సాంట్షి ఇదే చీమకి వాగ్నెరి అని పెట్టేసి ఉన్నాడు! ఈ సాంట్షి ట్యునీషియాలో కైరువాన్ అనే ఊళ్ళో ప్రాక్టీసు చేసుకున్న స్విస్ డాక్టరు, చీమలు సూర్యుణ్ణి చూసి దారి పట్టుకుంటాయని అద్దం అడ్డం పెట్టి తేల్చిన బుర్ర, కానీ పేర్లు పెట్టడం మొదలెడితే మాత్రం చెయ్యి ఆగేది కాదు, ఒక్కో చీమకి నాలుగేసి పదాలు తగిలించేవాడు. 1940లోనే పోయాడు కాబట్టి దావా వెయ్యడానికి మనిషి లేడు. కాగితం ఉంది కదా, చాలు.

కబ్జాకి కూడా చీమల చట్టంలో క్లాజు ఉందండీ, నిజం. మన దగ్గర పరాయి స్థలంలో 12 ఏళ్ళు ఎవరూ అడక్కుండా కూర్చుంటే హక్కు నాదేనని వాదిస్తారు చూడండి, అలాంటిదే. పాత పేరు 1899 తర్వాత ఎవరూ వాడి ఉండకూడదు, కొత్త పేరుని గత 50 ఏళ్ళలో కనీసం 10 మంది రచయితలు కనీసం 25 రచనల్లో వాడి ఉండాలి. ఎంతమంది కలిస్తే కబ్జా చెల్లుతుందో ఇంత విడమరిచి మన రెవెన్యూవాళ్ళు ఏనాడైనా రాశారా? కాకపోతే సాంట్షి కాగితమే 1916 నాటిది, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. చివరికి 1999లో ముగ్గురు శాస్త్రజ్ఞులు కమిషన్‌కి అర్జీ పెట్టుకున్నారు, అయ్యా పేపర్లన్నీ ఇన్విక్టా పేరు మీదే ఉన్నాయి, ఇప్పుడు మారిస్తే గందరగోళం అని. 2001లో తీర్పొచ్చింది, ఇన్విక్టాయే ఉండాలి అని. నన్నడిగితే తీర్పు కరెక్టే, పాత కాగితమే గొప్పదని మంకుపట్టు పడితే చీమల మందు వేసేవాడు కూడా ఏ పేరు చదవాలో తెలీక చస్తాడు. చీమ మాత్రం వాయిదాల కోసం ఆగలేదు, తీర్పొచ్చిన ఏడాదే ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర దొరికింది.

టెక్సస్‌లో ఇంకో కేసు. 2002లో టామ్ రాస్‌బెరీ అనే పురుగుల మందు ఆయన ఒక పిచ్చిచీమని పట్టుకుంటే జనం ఆయన పేరే పెట్టేసుకున్నారు, శాస్త్రజ్ఞులు పదేళ్ళు కొట్టుకుని 2012లో ఇది మయర్ అనే శాస్త్రజ్ఞుడు 1862లోనే పేరు పెట్టిన చీమే అని తేల్చారు, ఈలోపు అది కరెంటు పెట్టెల్లో దూరి షార్టులు కొట్టిస్తూనే ఉంది.

మనకీ ఈ కోర్టులో వాటా ఉంది. 1840ల్లో నెల్లూరు సివిల్ సర్జన్‌గా చేసిన థామస్ జెర్డన్, 1851లో మద్రాసు పత్రికలో దక్షిణ భారత చీమల జాబితా వేశాడు. అందులో ఒకదానికి అట్టా డిస్ట్రక్టర్ అని పెట్టాడు. తర్వాత ఇంటిపేరు మారి అది మోనోమోరియం డిస్ట్రక్టర్ అయింది, 2015లో ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్ అయింది. పసుపు ఒళ్ళు, వెనక నల్లటి పొట్ట, స్విచ్‌బోర్డు కన్నంలోంచి బయల్దేరి గోడ మూల పట్టుకుని బెల్లం డబ్బా మూత కింద దాకా వచ్చే ఆ సన్న చీమల బారు ఇదే కావచ్చు, వైర్ల మీది ప్లాస్టిక్ కొరకడంలో దీనికి పేరుంది. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా, సింగపూర్ చీమ! మన నెల్లూరు డాక్టరు మద్రాసులో అచ్చేయించిన చీమకి సింగపూర్ అడ్రసు ఎవడు రాసిచ్చాడండీ?

అందుకని నెల్లూరు చీమ అని మార్చాలని నేనే అర్జీ రాశాను. రచయితలు 10 మంది కావాలి కాబట్టి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. మూడో అంతస్తు ఆవిడ అది నెల్లూరుది కాదు మా ఒంగోలులో చిన్నప్పట్నుంచీ ఉంది అన్నారు, ఇంకొకాయన లక్ష్మణరేఖ గీత గీయమన్నాడు, అక్కణ్ణుంచి చర్చ పోయిన నెల మెయింటెనెన్స్ ఎవరు కట్టలేదనే దాని మీదకి వెళ్ళిపోయింది.