పాలు మాన్పించే ముందు మాత్ర పేరు అడగండి

ఒక చేతిలో పసిబిడ్డ, మరో చేతిలో మాత్రల స్ట్రిప్. వేసుకుంటే పాల ద్వారా బిడ్డకేమవుతుందోనని భయం, మానేస్తే తన షుగర్ ఎక్కడికి పోతుందోనని టెన్షన్. ఈ రెంటి మధ్య నలిగిపోయి, ఎవరికీ చెప్పకుండా మాత్రో పాలో మానేసే బాలింతలు ఉన్నారు. ఆ తప్పు వాళ్లది కాదు. షుగర్ మాత్రలన్నింటినీ ఒకే గాటన కట్టి, 'పాలివ్వకపోతేనే మంచిదిలే' అని తేల్చేసే మనందరిదీ.

ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ సంగతే చూడండి. అది పాలలోకి వెళ్తుంది, నిజమే. కానీ ఎంత? తల్లీబిడ్డల బరువులను బట్టి లెక్కగడితే, బిడ్డకు చేరేది తల్లి మోతాదులో సాధారణంగా ఒక శాతం లోపే. ఈ లెక్క 10 శాతం దాటకపోతే చాలా మందుల విషయంలో పాలివ్వడానికి అభ్యంతరం ఉండదు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) కోసం మెట్‌ఫార్మిన్ వాడిన తల్లుల పిల్లల్లో తల్లిపాలు తాగిన 61 మందిని, డబ్బా పాలు తాగిన 50 మందిని పోల్చి చూశారు. ఆరు నెలల వయసుకు ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్న అధ్యయనమే అయినా, భయంతో పాలు మాన్పించేవారికి ఇది తెలియాలి. అయితే ఈ మందు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అందుకే బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, కిడ్నీ సమస్య ఉన్నా పిల్లల డాక్టర్‌ను తప్పక అడగాలి.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ వేరే రకం. 2005లో కొద్దిమంది తల్లుల పాలను పరీక్షిస్తే వాటి జాడ దొరకలేదు. అయినా ఇవి షుగర్‌ను బాగా దించే మందులు కాబట్టి బిడ్డ మీద ఓ కన్నేసి ఉంచాలి. సరిగా పాలు తాగకపోయినా, వణుకుతున్నా, లేపినా లేవనంత మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కొత్త మాత్రల దగ్గర మాత్రం నేను గట్టిగానే వద్దంటాను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి కిడ్నీ మీద పనిచేస్తాయి. పసివాళ్ల కిడ్నీలు పుట్టాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. పాలిచ్చేటప్పుడు వీటిని వాడొద్దని తయారీదారుల సమాచారంలోనే ఉంటుంది. అలాగని పాలు ఆపేయక్కర్లేదు, మందు మార్చమని అడగొచ్చు. ఇన్సులిన్ ఎలాగూ ఉంది. అది తల్లిపాలలో సహజంగానే ఉండేది, పైగా బిడ్డ కడుపులో అరిగిపోతుంది.

బిడ్డ గురించి ఇంత ఆలోచించే మనం తల్లిని మర్చిపోతాం. పాలిస్తుంటే తల్లి షుగర్ తగ్గుతుంది. ఇన్సులిన్ గానీ గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే మరీ పడిపోవచ్చు. అర్ధరాత్రి బిడ్డను ఒళ్లో పెట్టుకుని పాలిస్తుండగా చెమటలు పట్టి, చేతులు వణికితే అది నిద్రలేమి అని సరిపెట్టుకోవద్దు. తినడానికి ఏదైనా, కాస్త గ్లూకోజ్, చేయి చాస్తే అందేచోట పెట్టుకోండి. వంటగదిలో ఉంటే ఆ సమయంలో లేచి వెళ్లలేరు.